అబ్బాయి ఏం చేస్తుంటాడు?

శ్రీ డైనా-సోర్ గారికి,

కీర్తిశేషులు అని రాయబోయి ఆగాను. ఆ మాటకు ముందు ఒకసారి బతికి ఉండాలి కదా. పోనీ చిరంజీవి అందామంటే, 1963 డిసెంబర్ 10న అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా గారు, అంతరిక్ష విమానం కావాల్సిన మిమ్మల్ని, ఎగరకముందే రద్దు చేశారు. ఉత్త శ్రీతో సర్దుకోండి.

1957 అక్టోబర్‌లో రష్యావాళ్ళు స్పుత్నిక్‌ను ఎగరేశారు. అదే నెలలో అమెరికా వైమానిక దళం మిమ్మల్ని కడుపున పడేసుకుంది. రాకెట్ నెత్తిన ఎక్కించి పైకి తోస్తే, చెరువులో విసిరిన పెంకు కప్పగంతులు వేసినట్టు వాతావరణం మీద గెంతుకుంటూ వచ్చి, రన్‌వే మీద విమానంలా వాలాలి. లోపల ఒక్క పైలట్. కిందికి దిగేటప్పటి వేడికి రబ్బరు టైర్లు తట్టుకోవని చక్రాలే తీసేసి, వైర్ బ్రష్ అంటించిన స్కిడ్లు, అంటే నేల మీద జారే కాళ్ళు, పెట్టారు. మాడిన గిన్నెను ఇనుప పీచుతో రుద్దే మా వంటింట్లో ఈ ఉపాయం ఎవరికీ తట్టలేదు సుమా!

ఇక మీ వాహనాల సంగతి. కక్ష్యలోకి వెళ్ళకుండా ఊరికే పైకెళ్ళి దిగడానికి టైటన్ 1 రాకెట్ అన్నారు. చాలదని టైటన్ 2 అన్నారు. తర్వాత కక్ష్యకే వెళ్దామని టైటన్ 3కి మారారు. ఒక్కదాని మీదా ఎక్కలేదు. అయినా 1962 సెప్టెంబర్‌లో, ఇంకెక్కడా చోటు దొరకనట్టు లాస్ వేగాస్‌లో, మీ నిలువెత్తు నమూనాను, ఆరుగురు పైలట్లను జనానికి చూపించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! మొదట్లో మీ పైలట్ల జట్టులో ఉన్న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కుర్రాడు మాత్రం తెలివైనవాడు. ఆ నెలలోనే నాసా వ్యోమగాముల జాబితాలో తేలాడు. తర్వాత అతను ఎక్కడ కాలు పెట్టాడో నేను చెప్పక్కర్లేదు.

మీ కొంప ముంచింది వేడి కాదు, రాకెట్టూ కాదు. మెక్‌నమారా గారు పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా ఒకే మాట పట్టుకున్నారు: అబ్బాయి ఏం చేస్తుంటాడు? బాంబులు వేస్తాడన్నారు. కాదు, గూఢచారి అన్నారు. ఉపగ్రహాల దగ్గరికెళ్ళి తనిఖీ చేస్తాడన్నారు. చివరికి ఎక్స్-20 అని పేరు మార్చి, ‘రీసెర్చ్ చేస్తున్నాడండీ’ అన్నారు. మా ఇళ్ళల్లో ఆ మాట వినగానే జాతకం వెనక్కిచ్చేస్తారు. అప్పటికే అయిన ఖర్చు 40 కోట్ల డాలర్ల పైమాటే.

మిమ్మల్ని వద్దన్న రోజే ఆయన ఎంఓఎల్ అనే సైనిక అంతరిక్ష ప్రయోగశాలను ప్రకటించారు. మనుషుల్ని ఎక్కించకుండానే 1969లో దాన్నీ ఎత్తేశారు. ఆ కబురు మీకు కాస్త ఊరటనిస్తుందని రాస్తున్నాను.

ఇంకో కబురు. మిమ్మల్ని కట్టబోయిన బోయింగ్ వారే కట్టిన ఎక్స్-37బి 2010 నుంచి ఎగురుతోంది. రెక్కలున్నాయి, రన్‌వే మీద దిగుతుంది, లోపల మనిషి లేడు. అక్కడ ఏం చేస్తుంటాడని అడిగితే చాలావరకు ‘రహస్యం’ అంటున్నారు. ఈ జవాబు మీవాళ్ళకి అప్పుడే తట్టి ఉంటేనా!

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి