కాల్షియం గీకరు, అణగదొక్కుతారు

మా పెదనాన్నకు 72 ఏళ్లు. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. ఒకరోజు కళ్లు తిరిగి గోడ పట్టుకుని నిలబడిపోయారు. ఎకో తీస్తే, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో తలుపులాంటి బృహద్ధమని వాల్వు కాల్షియం పేరుకుని బాగా బిగుసుకుపోయిందని తేలింది. రిపోర్టు ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టీ పెట్టగానే ఓ ఫార్వర్డ్ దిగింది. వారం తిరగకుండా అదే మెసేజ్ నాకు మరో ముగ్గురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “తొడ దగ్గర చిన్న గాటు పెట్టి తీగ పంపిస్తారు. వాల్వుకు పట్టిన కాల్షియాన్ని పళ్ల గార గీకినట్టు గీకేస్తారు. ప్రమాదం లేదు, మర్నాడే ఇల్లు. ఏ వయసు వాళ్లకైనా చేయొచ్చు. సర్జన్లు డబ్బు కోసం ఈ సంగతి దాచి ఛాతీ కోస్తున్నారు. అయినా కంగారేం లేదు, పాలు మానేసి కె2 విటమిన్ వేసుకుంటే కాల్షియం దానంతటదే కరిగిపోతుంది.”

తొడ దగ్గర గాటు నిజం. ఛాతీ కోయకపోవడమూ నిజం. ఆ రెంటి చాటున మిగతాదంతా చెల్లిపోతోంది.

ముందు ఆ గీకుడు సంగతి చూద్దాం. టావి అనే ఈ పద్ధతిలో కాల్షియం రవ్వంత కూడా బయటికి తీయరు. ఒక రకంలో కొత్త వాల్వును బెలూన్ మీద గట్టిగా ముడిచి, ఇంచుమించు పెన్సిలంత లావు గొట్టంలోంచి పంపి, పాత వాల్వు లోపలే విప్పుతారు. తలుపు రెక్కల్లా తెరుచుకునే పాత రేకులు వాటి కాల్షియం గడ్డలతో సహా గోడకు అణిగిపోతాయి. ఆ సమయంలో కరెంటు తాకిడి ఇచ్చే పేసింగ్ తీగతో గుండెను నిమిషానికి 180 సార్లకు అటూ ఇటూగా పరుగెత్తిస్తారు. అంత వేగంలో అది రక్తం తోయలేదు. మానిటర్ మీద బీపీ గీత చతికిలబడుతుంది. ఆ కొన్ని సెకన్లలోనే బెలూన్ ఉబ్బించి, వాల్వును కూర్చోబెట్టి, బెలూన్ దించేయాలి. పేసింగ్ ఆపగానే గీత మళ్లీ లేస్తుంది.

తమాషా ఏమిటంటే, ఈ కొత్త వాల్వుకు కుట్లుండవు. అది జారిపోకుండా పట్టుకుని ఉండేది చాలావరకు ఆ కాల్షియమే. వాల్వు బిగుసుకోకుండా కేవలం లీకయ్యే వాళ్లకు మామూలు టావి వాల్వులు వేయడం కష్టం కావడానికి కారణం కూడా అదే, పట్టు దొరకదు. దేన్ని గీకి పారేస్తారని ఆ మెసేజ్ చెబుతోందో దాని మీదే ఈ వైద్యం నిలబడి ఉంది!

గీకి చూడలేదా అంటే, చూశారు. 1980ల చివర్లో సర్జన్లు ఛాతీ తెరిచి, అల్ట్రాసౌండ్ పరికరంతో రేకుల మీది కాల్షియాన్ని పొడి చేసి తీశారు. మొదట్లో బాగానే కనిపించింది. నెలలు గడిచేసరికి రేకులు మచ్చకట్టి ముడుచుకుపోయాయి, వాల్వులు లీకవసాగాయి. ఆ పద్ధతి వదిలేశారు. ఇది పంటి మీద పట్టిన గార కాదు, రేకు లోపలే పుట్టుకొచ్చిన ఎముక లాంటిది. తీగతో వెళ్లి రేకుల్లోని కాల్షియానికి గాట్లు పెట్టి కదలిక తెచ్చే పరికరాలు పరీక్షల దశలో ఉన్నాయి గానీ, అవి కూడా కాల్షియాన్ని బయటికి తెచ్చేవి కావు.

ఈ గందరగోళం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించగలను. గుండె రక్తనాళాల్లో కాల్షియం గట్టిపడితే స్టెంట్ వేసేముందు ధ్వని తరంగాలు వదిలే షాక్‌వేవ్ బెలూన్‌తో దాన్ని పగలగొడతారు. అది నాళానికి, వాల్వుకు కాదు. ఇంకొకటి, “పక్కింటావిడకు బెలూన్‌తోనే అయిపోయింది” అన్నమాట. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మరో వాల్వు, మైట్రల్ వాల్వు అంచులు అతుక్కుపోతే బెలూన్‌తో విడదీయడం మన దగ్గర మామూలే. జపాన్ సర్జన్ కంజి ఇనౌయే 1982లో మొదలుపెట్టిన పద్ధతి అది. అక్కడ కూడా కాల్షియం ఎక్కువుంటే బెలూన్ పెద్దగా పనికిరాదు. బృహద్ధమని వాల్వుకు ఫ్రాన్సులోని రువాన్‌లో అలెన్ క్రిబియే అనే గుండె డాక్టర్ 1985లో బెలూన్ వేశారు. చాలామందికి ఏడాది లోపే వాల్వు మళ్లీ బిగుసుకుపోయింది. ఆ నిరాశ నుంచే ఆయన బెలూన్ మీద వాల్వు పెట్టే ఆలోచన చేశారు. 2002 ఏప్రిల్ 16న, ఆపరేషన్‌కు ఎవరూ ఒప్పుకోని 57 ఏళ్ల మనిషికి మొదటిది వేశారు.

“ప్రమాదం లేదు” అన్నది మరీ దారుణం. పాత వాల్వు నలిగేటప్పుడు ఒక ముక్క ఊడి మెదడుకు వెళ్తే పక్షవాతం. దాన్ని పట్టే వల కూడా ఉంది. 2022లో 3,000 మంది మీద పరీక్షిస్తే, పక్షవాతం వల పెట్టినవారిలో 2.3 శాతం, పెట్టనివారిలో 2.9 శాతం. తేడా ఉందని తేల్చడానికి అది చాలలేదు. కాల్షియం ఎగుడుదిగుడుగా ఉంటే వాల్వు పక్కనుంచి లీకు. వాల్వు కింద, గుండెను కొట్టించే సంకేతాలు మోసే విద్యుత్ తీగ లాంటి పోగును నొక్కితే పేస్‌మేకర్. 2019లో వచ్చిన రెండు పెద్ద పరిశీలనల్లో నెలలోపు పేస్‌మేకర్ అవసరమైనవారు బెలూన్‌తో విప్పే రకం వాల్వుకు 6.5 శాతం, తనంతట తానే విచ్చుకునే రకానికి 17.4 శాతం. మర్నాడే ఇంటికి వెళ్లేవాళ్లు ఉంటారు, కాదనను. అది హామీ కాదు.

ఏ వయసుకైనా? టావి వాల్వులు జంతువుల కణజాలంతో చేసినవి, కాలక్రమంలో అరుగుతాయి. 2020 అమెరికా మార్గదర్శకాలు 65 లోపువారికి ఆపరేషన్‌నే ముందు పెట్టాయి. 2025లో యూరప్‌వారు 70 దాటినవారికి, శరీర నిర్మాణం అనుకూలిస్తే, టావి వైపు మొగ్గారు. పుట్టుకతోనే మూడుకు బదులు రెండు రేకులున్నవారి లెక్క మళ్లీ వేరు. వయసు లెక్కన మా పెదనాన్న యూరప్ గీత దాటారు. అయినా సీటీ స్కాన్ చూశాకే మాట.

డబ్బు కోసం దాస్తారన్నది చదివి నవ్వొచ్చింది. మన దగ్గర సాధారణంగా ఆపరేషన్ కంటే టావికే ఖర్చెక్కువ, ఎందుకంటే వాల్వు ఒక్కటే లక్షల్లో ఉంటుంది. గుజరాత్‌లోని వాపిలో తయారయ్యే మైవాల్ అనే టావి వాల్వు మన దేశంలోనే ఉంది. 2024లో 768 మంది మీద విదేశీ వాల్వులతో పోల్చితే నెల రోజుల ఫలితాల్లో వాటికి తీసిపోలేదు. అంత బాహాటంగా ఉన్నదాన్ని దాచడమేమిటి?

ఇక కె2. డెన్మార్క్‌లో 365 మంది పెద్దవయసు మగవాళ్లకు రెండేళ్లపాటు కె2తో పాటు విటమిన్ డి ఇచ్చి, 2022లో ఫలితం చెప్పారు: కాల్షియం పెరుగుదల తగ్గలేదు. కొలెస్ట్రాల్ మందులతో కూడా 2008లో 1,873 మందిలో అదే నిరాశ. పాలు మానడం వల్ల వాల్వుకు ఒరిగేదేమీ లేదు, పెద్దవాళ్ల ఎముకలకు నష్టం. నాకు కోపం తెప్పించేది మాత్రం “కంగారేం లేదు” అన్న మాట. ఆపరేషన్ చేయలేమన్నవారిలో టావి లేకుండా మందులతో, చాలామంది బెలూన్‌తో కూడా నెట్టుకొచ్చినవాళ్లు ఏడాదిలో 50.7 శాతం చనిపోయారు. టావి వేసినవాళ్లలో 30.7 శాతం. 2010లో వచ్చిన లెక్క ఇది. కళ్లు తిరిగిన మనిషి ఆరు నెలలు మాత్రలు వేసుకుంటూ కూర్చోకూడదు.

ఇదంతా పెదనాన్నకు ఓపిగ్గా చెప్పాను. అంతా విని ఒకటే అడిగారు: “ఆ కొత్త రేకులు దేంతో చేస్తార్రా?”

“కొన్ని ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో, కొన్ని పందిదాంతో.”

కాసేపు ఆలోచించారు. “ఏదైనా పర్వాలేదు గానీ, ఆవుదైతే మీ పెద్దమ్మకు చెప్పకు.”