నలుగురు కాపర్ల పని ఒక్క కుక్క చేస్తుందా?

బోనాల ముందు పొట్టేళ్లు అమ్ముకోవడానికి హైదరాబాద్ జియాగూడ మండీకి పోయినప్పుడు, పక్కన నిలబడ్డ పిల్లగాడు ఒకడు ఫోన్ చూపించాడు. "అన్నా, ఇది నిజమేనా? మా నాయనకు మోకాళ్లు పనిచేస్తలేవు. ఒకటి కొందామనుకుంటున్నం." ఆ మెసేజ్ నాకు అప్పటికే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అర నిమిషం వీడియో, పచ్చటి కొండ, నల్లా తెల్లా మచ్చల కుక్క, దాని ముందు పాలు పొంగినట్టు కదిలే గొర్రెలు. కింద రాసింది క్లుప్తంగా ఇది:

"బోర్డర్ కోలీ ఒక్కటి ఉంటే నలుగురు కాపర్లు అక్కర్లేదు. మంద కాయడం దానికి పుట్టుకతోనే వస్తుంది, నెల ట్రైనింగ్ చాలు. వెయ్యి మాటలు అర్థం చేసుకుంటుంది. రాత్రి తోడేళ్లను, వీధికుక్కలను దగ్గరికి రానివ్వదు. బొచ్చు కత్తిరిస్తే ఎండ సమస్య లేదు. మటన్ షాపు వేస్ట్ వేస్తే చాలు, తిండి ఖర్చు సున్నా. మన ఊరకుక్కలు దండగ. కుక్కతో మంద కాసే తెలివి మనవాళ్లకు ఎన్నడూ లేదు."

నేను ఉప్పల్‌లో ఉంటాను, ఉద్యోగం ఇక్కడే. మా నాయన, చిన్నాయన భువనగిరి వైపు ఊళ్లో నూట ఇరవై జీవాలు కాస్తారు. మూడేళ్ల కిందట ఇలాంటి వీడియోనే చూసి నేను ముప్పై వేలు పెట్టి కోలీ పిల్లను కొన్నాను. కాబట్టి ఇది చేతులు కాల్చుకున్నవాడి సమాధానం.

వీడియో అబద్ధం కాదు, అది ముందే చెప్పాలి. ఆ కుక్క చేసేది నిజంగా అద్భుతం. గొర్రె చుట్టూ కంటికి కనబడని గిరి ఒకటి ఉంటుంది. ఆ గిరి లోపలికి ఎవరైనా వస్తే అది కదులుతుంది, బయట ఉంటే తలెత్తి చూసి మళ్లీ మేస్తుంది. మంచి కోలీ ఆ గిరి అంచు మీదే నడుస్తుంది. పొట్ట నేలకు ఆనించి, కళ్లు గొర్రెల మీద పెట్టి, అరవకుండా, కరవకుండా. మనిషి ఒక పక్క నిలబడితే అది మందకు సరిగ్గా అవతలి పక్కకు చేరుకుని గొర్రెలను మనిషి వైపు తెస్తుంది. నిజానికి అది వేటే. కనిపెట్టడం, చూపు నిలపడం, పొంచడం, తరమడం వరకు తోడేలు చేసేదంతా చేస్తుంది. పట్టి చంపడం దగ్గర ఆగిపోయేలా మనుషులు తరాల తరబడి ఏరి ఏరి పెంచుకున్నారు. ఇప్పటి బోర్డర్ కోలీలకు మూలపురుషుడని చెప్పుకునే ఓల్డ్ హెంప్ అనే కుక్క 1893లో ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులోని నార్తంబర్లాండ్‌లో పుట్టింది. అంతకు ముందే, 1873లో, వేల్స్‌లోని బాలాలో ఈ కుక్కలకు పోటీలు పెట్టారు.

అయితే మెసేజ్ రాసినవాడు రెండు మాటలను కలిపేశాడు. తోలడం వేరు, కాయడం వేరు. మన భాషలోనే ఆ తేడా ఉంది. వీడియోలో కుక్క మందను తోలుతోంది. మా నాయన పొద్దున ఎనిమిదింటి నుంచి చీకటి పడేదాకా చేసేది కాయడం.

ఇంగ్లండ్, స్కాట్లండ్ కొండల మీద గొర్రెలను వదిలేస్తారు. వెంట మనిషి ఉండడు. ఉన్ని కత్తిరించాలన్నా, మందు పోయాలన్నా కొండంతా చెదిరిన గొర్రెలను ఒకచోటికి తేవాలి. చుట్టూ రాతి గోడలు, కంచెలు, మనుషులు తక్కువ. ఆ కష్టానికి పుట్టిన జవాబు ఆ కుక్క. మనకు ఆ కష్టం లేదు, ఎందుకంటే మన మనిషి రోజంతా మంద వెంటే ఉంటాడు. గంట కట్టిన మేకపోతు ముందు నడుస్తుంది, ముందొకరు, వెనకొకరు. మా నాయన నాలుక మడిచి ఒక చప్పుడు చేస్తే మంద తల తిప్పుతుంది. మనకున్న కష్టం వేరు. ఎడమ పక్క పత్తి చేను, కుడి పక్క వరి, మధ్యలో బండి బాట, ఎక్కడా కంచె లేదు. కోలీ మంద వెనక్కి పోవడానికి దూరం నుంచి పెద్ద చుట్టు తిరుగుతుంది. మా ఊళ్లో ఆ చుట్టు తిరిగితే మూడు చేలు తొక్కుతుంది, సాయంత్రానికి పంచాయితీ.

కాపరి చేసే పనులు ఒక్కసారి లెక్క పెట్టండి. తుమ్మ కొమ్మ వంచి కాయలు రాలుస్తాడు. బాటలో ఈనిన గొర్రె దగ్గర ఆగి, పిల్లను గొంగట్లో వేసుకుని వస్తాడు. కుంటేదాన్ని, మేత ముట్టనిదాన్ని గుర్తు పడతాడు. కోసిన జొన్న చేనులో మళ్లీ చిగురు వచ్చిందంటే అందులో నాము అనే విషం ఉంటుందని, తింటే గంటలోపే జీవాలు పడిపోతాయని తెలిసి అటు పోనివ్వడు. కోలీకి నాము తెలియదు. తోలమంటే అందులోకే చక్కగా వరస పెట్టి తోలుతుంది. ఇది కుక్కను తక్కువ చేయడం కాదు, దాని పని అది కాదని చెప్పడం.

ఆస్ట్రేలియాలో రైతులను అడిగి లెక్క వేస్తే, పని కుక్క మీద పెట్టిన ఖర్చుకు ఐదు రెట్లకు పైగా తిరిగి వస్తుందని తేలింది. ఆ లెక్కను నేను నమ్ముతాను. అది పెద్ద పెద్ద కంచెల మధ్య వందలు, వేల గొర్రెలు ఉన్నచోటి లెక్క. కుక్కను నడిపించడం తెలిసిన మనిషి అక్కడ ముందే ఉన్నాడు. పని రాని కాపరికి కుక్కను ఇస్తే రెండు కష్టాలు అవుతాయి, మంద ఒకటి, కుక్క ఒకటి.

ఇక నెల ట్రైనింగ్ మాట. మా పిల్లకు ఆరో నెలలో గొర్రెల మీద కన్ను పడింది. అది పుట్టుకతో వచ్చిందే, అందులో మెసేజ్ నిజమే. కానీ పుట్టుకతో వచ్చింది తరమాలనే తపన. ఎప్పుడు ఆగాలో నేర్పాల్సి వస్తుంది. మాకు నేర్పడం రాలేదు. ఒకరోజు దొడ్డి తలుపు తీసి ఉంటే లోపలికి దూరి మందను మూలకు నెట్టింది. తొక్కిసలాటలో ఒక గొర్రెపిల్ల కాలు విరిగింది, ఆ వారంలోనే రెండు సూడి గొర్రెలు ఈసుకుపోయాయి. మా చిన్నాయన ఒక్క మాట కూడా తిట్టలేదు. "కుక్క ఉరికితే జీవాలు ఉరుకుతయి. ఉరికే గొర్రె మేస్తదారా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు వీడియోలో జవాబు లేదు.

పద్ధతిగా నేర్పేవాళ్లు కుక్కకు ఎనిమిది నెలలో ఏడాదో నిండాక, దానికి పరుగులో గొర్రెను దాటే సత్తువ వచ్చాక, కుక్క అంటే అలవాటున్న నాలుగైదు గొర్రెలతో మొదలుపెడతారు. నమ్మకంగా పని అప్పజెప్పడానికి రెండు మూడేళ్లు పడుతుంది. 2021లో వేల్స్‌లో కిమ్ అనే కుక్క 27,100 పౌండ్లకు అమ్ముడుపోయింది, అప్పటి రేటుకు మన రూపాయల్లో 27 లక్షలు. నెలలో అయ్యే పనికి ఎవరూ అంత ఇవ్వరు కదా.

వెయ్యి మాటల సంగతీ అంతే. ఛేజర్ అనే కోలీకి వెయ్యికి పైగా పేర్లు తెలుసన్నది నిజం, 2011లో దాని మీద పరిశోధన పత్రం కూడా వచ్చింది. కానీ అవి బొమ్మల పేర్లు. బొమ్మలు పారిపోవు, బొమ్మలకు కడుపులో పిల్లలుండవు. మంద దగ్గర కావలసిన మాటలు ఏడెనిమిదే: కుడి చుట్టు, ఎడమ చుట్టు, ఆగు, నెమ్మది, ముందుకు, ఇక చాలు. ఇంగ్లిషే ఉండాలని లేదు, ఈలయినా సరే. కాకపోతే చప్పుళ్లు ఒకదానితో ఒకటి కలవకూడదు. మేము తెలివి ఎక్కువై "ఆగు", "సాగు" అని పెట్టుకున్నాం. గాలి ఎదురుగా ఉన్నరోజు రెండూ ఒక్కటే.

తోడేళ్ల దగ్గర మెసేజ్ పూర్తిగా తప్పు, ఇక్కడ ప్రాణాలు పోతాయి కాబట్టి వివరంగా చెప్తాను. మందను తోలే కుక్క, మందకు కాపలా ఉండే కుక్క రెండు వేర్వేరు జాతులు, వేర్వేరు స్వభావాలు. కాపలా కుక్క గొర్రెను చూసి పొంచదు, తరమదు. దాన్ని ఎనిమిది వారాల పిల్లప్పటి నుంచి దొడ్డిలో గొర్రెపిల్లల మధ్య పెంచుతారు. పెద్దయ్యాక మందలోనే పడుకుంటుంది, కొత్త వాసన వస్తే లేచి అడ్డం నిలబడుతుంది. ఇటలీ మరెమ్మా, టర్కీ కంగల్, మన హిమాలయాల్లో గద్దీ, బకర్‌వాల్ కుక్కలు ఈ కోవవి. చిరుత గొంతు పట్టకుండా అక్కడ వాటి మెడకు ఇనుప ముళ్ల పట్టా కడతారు. బోర్డర్ కోలీ పదిహేను, ఇరవై కిలోల కుక్క. నగరం పెరిగి పెరిగి ఊళ్లను తాకుతున్న చోట, చెత్త కుప్పల మీద బలిసిన ఐదారు వీధికుక్కలు రాత్రి దొడ్డి మీద పడితే ఆ ఒక్కటి ఏం చేస్తుంది? పైగా వేట సగం మిగిలిన కుక్క అది. కొత్త గుంపుతో కలిసిందంటే కంచే చేను మేసినట్టు అవుతుంది.

కంగల్‌నే తెప్పిద్దామా అని ఆ మండీ పిల్లగాడే అడిగాడు. తొందరపడొద్దన్నాను. అంత పెద్ద కుక్క బాటసారుల మీద పడితే బాధ్యత మనదే. ప్రమాదకరమైన కుక్కలంటూ 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన 23 జాతుల జాబితాలో కంగల్, కాకేసియన్ షెపర్డ్ కూడా ఉన్నాయి. ఆ ఉత్తర్వును తర్వాతి నెల కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి. రాత్రికి మనకు పనికొచ్చేవి ఎత్తైన దొడ్డి, లైటు, లోపల పడుకునే మనిషి, అరిచే రెండు ఊరకుక్కలు.

ఎండ గురించి ఎక్కువ చెప్పను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చడమే దిక్కు. మేలో నలభై దాటే చోట రెండు పొరల బొచ్చు కుక్కను మిట్టమధ్యాహ్నం ఉరికిస్తే వడదెబ్బే. బొచ్చు గీయిస్తే చర్మానికి నీడ పోతుంది. ఆస్ట్రేలియాలో ఎండ లేదా అంటారు. ఉంది, అందుకే అక్కడ పొట్టి బొచ్చు కెల్పీని తయారు చేసుకున్నారు.

మటన్ షాపు వేస్ట్ సలహా మాత్రం నాకు భయం పుట్టించింది. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గిర్రున తిరిగి తిరిగి పడిపోయే జబ్బు కాపర్లందరికీ తెలుసు. దాని మూలం కుక్కే. ఆ గొర్రె మెదడులో నీటి బుడగలాంటి తిత్తి ఉంటుంది. పచ్చి తలకాయ కుక్క తింటే తిత్తిలోని పురుగు దాని పేగులో బద్దెపురుగై పెరుగుతుంది, గుడ్లు మలంతో గడ్డి మీద పడతాయి, ఆ గడ్డి మేసిన గొర్రెకు మళ్లీ మెదడులో తిత్తి. కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు తెచ్చే ఇంకో బద్దెపురుగు కూడా ఇలాగే తిరుగుతుంది, అది మనుషులకూ అంటుతుంది. అంటే తిండి ఖర్చు సున్నా అని వేసే పచ్చి పేగులు, తలకాయలు మన మందకే తిరిగొస్తాయి. కుక్క ఏదైనా సరే, ఊరకుక్కయినా, పచ్చివి వేయొద్దు, బాగా ఉడికించి వేయండి. చచ్చిన జీవాన్ని పాతిపెట్టండి. పశువుల డాక్టర్‌ను అడిగి కుక్కకు బద్దెపురుగులు పోయే ప్రాజిక్వాంటెల్ మాత్రలు, రేబిస్ టీకా గడువు తప్పకుండా వేయించండి. మొత్తం మెసేజ్‌లో మీరు ఒక్కటే మరిచిపోగలిగితే ఆ మటన్ షాపు వేస్ట్ సలహాను మరిచిపోండి.

మనవాళ్లకు తెలివి లేదన్న చివరి మాట నాకు కోపం తెప్పించింది. కొల్లేరు ప్రాంతంలో బాతులు మేపేవాళ్లు జోనంగి అనే కుక్కతో బాతుల గుంపులను తోలించారు. ఒంటి మీద అతుక్కున్నట్టుండే పొట్టి బొచ్చు, ముడతల మొహం, మన తీరం ఎండకు తగ్గ కుక్క. తోలే కుక్క అవసరమైన చోట తెలుగువాళ్లు దాన్ని తయారు చేసుకున్నారు. గొర్రెల దగ్గర ఆ అవసరం పడలేదు. 2019 పశుగణనలో దేశంలోనే గొర్రెల్లో మొదటి స్థానం తెలంగాణది, ఒక కోటి 90 లక్షలకు పైగా. కోలీ లేకుండానే.

అమ్మేవాళ్ల మాట ఒకటుంది. నాకు అమ్మినతను "స్కాట్లండ్ పని కుక్కల రక్తం" అన్నాడు. పిల్లలు తీసి అమ్ముకోవడానికి విదేశీ కుక్కల దిగుమతి మీద 2016లో కేంద్రం ఆంక్షలు పెట్టింది. కాబట్టి ఆ మాట అన్నప్పుడు కాగితాలు అడగండి. తల్లీ తండ్రీ గొర్రెల దగ్గర పనిచేస్తుంటే కళ్లారా చూడండి. నగరంలో దొరికే పిల్లలు ఎక్కువగా ఫ్లాట్లలో పెంచుకోవడానికి పుట్టించినవే.

శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కంచె వేసిన పది ఎకరాలు, అందులోనే మేసే గొర్రెలు, రోజూ గంట కుక్కకు ఇవ్వగల మనిషి ఉంటే కోలీ పనికొస్తుంది. దొడ్డి మార్చడానికి, టీకాలప్పుడు మందను గేటులోకి తేవడానికి బాగా పనికొస్తుంది కూడా. మండీ పిల్లగాడికి ఇదే చెప్పాను. వాళ్లకు కంచె లేదు, పొలం కౌలుది. ఆ డబ్బులతో వాళ్ల నాయనకు మోకాళ్లు చూపిస్తానన్నాడు.

మా కోలీ ఇప్పుడు నాగోల్‌లో మా అక్క వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఉంది. సాయంత్రం సెల్లార్‌లో పిల్లలు ఆడుకుంటుంటే చుట్టూ తిరిగి, చెదిరినవాళ్లను ఏరి, లిఫ్ట్ దగ్గరికి గుంపు చేస్తుందట. వాచ్‌మన్‌కు మాత్రం నచ్చింది.