హూవర్ డ్యామ్ కట్టిన ఊళ్లు, ముంచిన ఊరు

అమెరికాలో నెవాడా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దులో, కొలరాడో నదికి అడ్డంగా 726 అడుగుల ఎత్తున నిలిచిన హూవర్ డ్యామ్ గురించి ఎవరు రాసినా కాంక్రీటు, కరెంటు లెక్కలతోనే మొదలుపెడతారు. చుట్టూ ఉన్న ఎడారిలో ఎవరు ఎక్కడ ఉండవచ్చో, ఎవరు ఉండకూడదో కూడా ఆ నిర్మాణమే తేల్చిందన్న సంగతి ఆ లెక్కల్లో కనిపించదు.

1931లో పనులు మొదలయ్యేనాటికి ఆర్థిక మాంద్యంతో దేశమంతా ఉపాధి కరువైంది. పని దొరుకుతుందన్న ఆశతో పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలు నది ఒడ్డునే గుడారాలు, అట్టముక్కలు, పాత కార్లతో గూళ్లు కట్టుకున్నాయి. ఆ వాడకు 'రాగ్‌టౌన్', అంటే గుడ్డపేలికల ఊరు అని పేరు పడింది. పసిపిల్లలకు కాస్త నిద్ర పట్టాలంటే తల్లులు దుప్పట్లను నీళ్లలో తడిపి వాళ్లకు చుట్టాల్సి వచ్చేది. జూన్ చివరి నుంచి జూలై చివరి వరకు, ఒక్క నెలలో 16 మంది కార్మికులు వడదెబ్బకు చనిపోయారు. ఆగస్టులో సొరంగాల్లో పనిచేసే కొందరి కూలి తగ్గించడంతో సమ్మె మొదలైంది. శుభ్రమైన తాగునీరు, ఐసు నీళ్లు కూడా వాళ్ల కోరికల్లో ఉన్నాయంటేనే అక్కడి బతుకు ఎలా ఉండేదో తెలుస్తుంది. ఆ కోరికలను డ్యామ్ కడుతున్న కాంట్రాక్టు కంపెనీ అంగీకరించలేదు.

డ్యామ్‌కు కొద్ది మైళ్ల దూరంలో ఫెడరల్ ప్రభుత్వం బౌల్డర్ సిటీని కట్టించింది. గుడారంలో ఎండకు మాడినవాళ్లకు అక్కడ దొరికిన ఇల్లు, కుళాయి ఎంత గొప్పవో తీసిపారేయలేం. అయితే ఊరి పొలిమేరలో గేటు ఉండేది, మద్యం, జూదం నిషేధం, పాలన అంతా ప్రభుత్వం నియమించిన సిటీ మేనేజర్ చేతిలోనే ఉండేది. 'మంగోలియన్', అంటే చైనా వంటి తూర్పు ఆసియా దేశాల కూలీలను పెట్టుకోరాదని కాంట్రాక్టులోనే రాశారు. 1934లో కార్మికుల సంఖ్య అయిదు వేలు దాటినా నల్లజాతి వారిని కొన్ని పదుల మందికి మించి తీసుకోలేదు, వాళ్లనూ ఆ ఊళ్లో ఉండనివ్వలేదు. ఏ డ్యామ్ కోసం చెమటోడ్చారో దాని ఊళ్లోనే చోటు లేక, వాళ్లు లాస్ వెగాస్ నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్లేవారు.

లాస్ వెగాస్ 1930లో అయిదు వేల జనాభా ఉన్న రైల్వే పట్టణం. 1931 మార్చిలో నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది. డ్యామ్ కూలీల జీతాలు ఆ పట్టణంలో జూదశాలలున్న ఫ్రీమాంట్ వీధిలో ఖర్చయ్యాయి. ఆ నగరం డ్యామ్ ఒక్కదానివల్లే ఎదిగిందనడం నాకు సరిగా తోచదు. నీళ్ల లెక్కే చూడండి: ఏటా పంచుకునే నదీజలాలను మనకు అలవాటైన టీఎంసీల్లో చెప్పుకుంటే కాలిఫోర్నియాకు దాదాపు 190, అరిజోనాకు 122 రాగా, డ్యామ్‌కు ఒక గట్టుగా ఉన్న నెవాడాకు దక్కినవి 13 మాత్రమే.

1865లో మార్మన్లు అనే క్రైస్తవ శాఖవారు స్థాపించిన సెయింట్ థామస్ అనే వ్యవసాయ గ్రామం డ్యామ్ రిజర్వాయరైన లేక్ మీడ్ ముంపులో పడింది. 1938లో నీళ్లు గడప దాకా వచ్చాక చివరి వ్యక్తి పడవలో బయటపడ్డాడు. ఈ శతాబ్దంలో కరువుతో లేక్ మీడ్ నీటిమట్టం తగ్గి, ఆ ఊరి పునాదులు, మొండిగోడలు మళ్లీ తేలాయి. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడటం చూసిన మనవాళ్లకు ఆ మొండిగోడల దగ్గర నిలబడితే ఏమనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

దిగువన మెక్సికో డెల్టాలో ఉండే కుకాపా ప్రజలు వరద తీశాక మిగిలిన ఒండ్రులో విత్తనాలు చల్లుకుని, చేపలు పట్టుకుని బతికినవాళ్లు. రిజర్వాయరు నిండుతున్న ఏళ్లలో ఆ వరద రావడం ఆగిపోయింది. 1944లో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం మెక్సికోకు ఏటా సుమారు 65 టీఎంసీలు కేటాయించింది. నదీ ప్రజలని పేరున్న కుకాపాల కోసం అందులో విడిగా వాటా ఏదీ రాయలేదు.