తొమ్మిది బి సెక్షన్‌లో అధికార మార్పిడి

వలస పాలన పోయి స్వపాలన వచ్చిన కథను హైస్కూలు పిల్లలకు చెప్పేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఆ మార్పు వాళ్లకు అంటుకోకూడదు. ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను. నా చేతి కింద చదివిన వాళ్లలో ఇంతవరకు ఒక్కరికీ అంటుకోలేదు. ఈ రికార్డు మొన్న ఆగస్టులో ప్రమాదంలో పడింది కాబట్టే ఈ వ్యాసం రాయాల్సి వస్తోంది.

ముందు నా పద్ధతి చెబుతాను. మా తోటి ఉపాధ్యాయులు చాలామంది పుస్తకం తెరిచి, "ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా బ్రాకెట్ పెట్టుకోండి" అని చెప్పి కూర్చుంటారు. అది నాకు నచ్చదు. బ్రాకెట్లో పెట్టినంత మాత్రాన బ్రిటిష్ పాలన అర్థమవుతుందా? అనుభవంలోకి రావాలి. అందుకే నేను దాన్ని పాఠంగా చెప్పను, పాలించి చూపిస్తాను. జూన్‌లో బడి తెరిచిన రోజున నా తరగతి 1861లో ఉంటుంది. మార్చి నాటికి సిలబస్‌తో పాటు 1947కు చేరాలి. సాధారణంగా 1935 దగ్గర పరీక్షలు వచ్చేస్తాయి.

1861 చట్టం ప్రకారం వైస్రాయి తన శాసన మండలిలోకి కొందరు భారతీయులను నామినేట్ చేయవచ్చు. మరుసటి ఏడాది వైస్రాయి కానింగ్ ముగ్గురిని తీసుకున్నాడు. ఒకరు బెనారస్ రాజా, ఒకరు పటియాలా మహారాజా, ఒకరు సర్ దినకర్ రావు. జనాభిప్రాయం తెలుసుకోవాలంటే మహారాజును మించిన జనం ఎక్కడ దొరుకుతారు? నేనూ ఆ సూత్రమే పాటిస్తాను. క్లాస్ లీడర్‌గా ఫస్ట్ ర్యాంకు వచ్చే కుర్రాణ్ని పెడతాను. వాడి నాన్న గారు స్కూల్ కమిటీ ఛైర్మన్ కావడం కాకతాళీయం.

1892లో ఇంకో మెట్టు పైకెక్కాం. సభ్యులు బడ్జెట్ మీద మాట్లాడవచ్చు, ఓటు వేయకూడదు. ప్రశ్న అడగవచ్చు, దానికి వచ్చిన జవాబు మీద అనుబంధ ప్రశ్న వేయకూడదు. ఇంత చక్కటి బోధనా సూత్రం ఏ బీఈడీ కాలేజీలోనూ నేర్పరు. నా తరగతిలో ప్రశ్నలకు పూర్తి స్వేచ్ఛ ఉంది. "సార్, కలెక్టర్ అనే పేరు ఎలా వచ్చింది?" అని మూడో బెంచీ కుర్రాడు అడిగాడు. సంతోషంగా చెప్పాను. 1772లో వారన్ హేస్టింగ్స్ జిల్లాకో కలెక్టరును పెట్టాడు, శిస్తు కలెక్ట్ చేస్తాడు కాబట్టి ఆ పేరు, అని. "మరి తెల్లవాళ్లు పోయాక కూడా ఆ పేరెందుకు ఉంచారు సార్?" అన్నాడు. ఇదే అనుబంధ ప్రశ్న. కూర్చోమన్నాను. నిజానికి వాడి సందేహానికి వాడి ఇంట్లోనే జవాబుంది. పుట్టినరోజున కాళ్లకు దణ్ణం పెడితే వాళ్ల నాయనమ్మ "కలెక్టరువు కావాలిరా నాయనా" అనే కదా దీవిస్తుంది!

అనుబంధ ప్రశ్నకు బ్రిటిష్ వాళ్లు 1909లో, మొదటి ప్రశ్న వేసినవాడి వరకు, అనుమతి ఇచ్చారు. నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

నా ప్రయోగశాలలో అన్నింటికన్నా బాగా పనిచేసేది 1919 నాటి ద్వంద్వ పాలన. లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, ఇక్కడి వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఇద్దరూ కూర్చుని రాష్ట్రాల పాలనను రెండు ముక్కలు చేశారు. విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థలు లాంటివి బదిలీ అంశాలు. వాటిని భారతీయ మంత్రులు చూసుకుంటారు. పోలీసు, భూమి శిస్తు, ఆర్థికం రిజర్వుడు అంశాలు. అవి గవర్నరు చేతిలో ఉంటాయి. అంటే బడులు మన మంత్రివి, బడులకు పెట్టాల్సిన డబ్బు గవర్నరుది. బడి కట్టకపోతే తిట్లు మంత్రికి. ఇంత తెలివైన ఏర్పాటు మళ్లీ పుట్టలేదు. (పుట్టలేదని హెడ్మాస్టరు గారి ముందు అంటే ఆయన నిట్టూర్చారు. స్కూలు నిధుల ఖాతా సంగతి అడగొద్దన్నారు.)

మా తరగతిలో బదిలీ అంశాలు ఇవి: డస్టరు, సుద్దముక్కల డబ్బా, మంచినీళ్ల క్యాను, లైబ్రరీ బీరువా. ఇవన్నీ లీడర్ బాధ్యత. రిజర్వుడు అంశాలు: హాజరు పట్టీ, మార్కులు, బెత్తం, లైబ్రరీ బీరువా తాళంచెవి. బెత్తం గురించి అపార్థం చేసుకోవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టకూడదంది. అప్పటినుంచి దాన్ని మ్యాపు చూపించడానికే వాడుతున్నాను. మ్యాపు లేని రోజున కూడా తెచ్చుకుంటాను, అలవాటు.

పోలీసు శాఖ రిజర్వుడే అయినా కానిస్టేబుళ్లు మాత్రం మనవాళ్లే ఉండాలన్నది వలస పాలనలో కీలకం. నేను స్టాఫ్ రూముకు వెళ్లినప్పుడు లీడరు బోర్డు దగ్గర నిలబడి, మాట్లాడిన వాళ్ల పేర్లు రాస్తాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ. ఇంకా మాట్లాడితే రెండో ఇంటూ. మన చిన్నప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. నలభై రెండు మందిని అణచడానికి నేను గదిలో ఉండనక్కర్లేదు. పాతిక కోట్లకు పైగా జనాన్ని కొద్దిమంది దొరలు అన్నేళ్లు ఎలా పాలించారని చరిత్రకారులు లావుపాటి పుస్తకాలు రాశారు. మా గదిలో మధ్యాహ్నం రెండో పీరియడ్ చూస్తే సరిపోయేది.

రాజద్రోహం కూడా ప్రయోగపూర్వకంగానే చెబుతాను. శిక్షాస్మృతిలోకి 124ఎ సెక్షన్ 1870లో వచ్చింది. ప్రభుత్వం మీద అప్రీతి కలిగించడం నేరం. ప్రేమ లేకపోతే జైలు! 1908లో తిలక్‌ను దానికిందే ఆరేళ్లు బర్మాలోని మాండలే జైలుకు పంపారు. 1922లో గాంధీజీకీ ఆరేళ్లే వేశారు. ఈ పాఠం నడుస్తుండగా చివరి బెంచీ మీద కంపాసుతో చెక్కిన నా బొమ్మ దొరికింది. బట్టతల కాస్త ఎక్కువ చేశాడు. అప్రీతి స్పష్టంగా కనిపిస్తోంది. విచారణ జరిపి, గుమ్మం బయట మాండలేకు పంపాను. తిరిగొచ్చాక వాడు, "ఆ సెక్షన్ ఇప్పుడు లేదు కదా సార్" అన్నాడు. నిజమే. 2022 మేలో సుప్రీంకోర్టు ఆపింది, 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయసంహిత వచ్చింది. రాజద్రోహం అన్న మాట పోయి, దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు అంటూ 152వ సెక్షన్ వచ్చింది. అందుకని నేనూ వాడి మీద అభియోగం పేరు మార్చాను. గుమ్మం మాత్రం అదే.

సైమన్ కమిషన్ గురించి ఎక్కువ చెప్పను. ఏడుగురు సభ్యులు, ఒక్క భారతీయుడూ లేడు. మా బడిలో విద్యార్థుల సమస్యల కమిటీలోనూ ఏడుగురం ఉన్నాం, అందరం టీచర్లమే. 1928లో మద్రాసులో ప్రకాశం పంతులు గారు తుపాకీకి గుండె ఎదురొడ్డారని చెబుతుంటే పిల్లలు చొక్కా గుండీల మీద చేతులు వేశారు. యూనిఫాం నిబంధన గుర్తుచేసి ఆపాను.

ఇక ఆగస్టు సంగతి. పైనుంచి సర్క్యులర్ వచ్చింది, ప్రతి తరగతిలో లీడరును ఎన్నికల ద్వారానే ఎన్నుకోవాలని. నా తరగతి అప్పటికింకా 1919లో ఉంది. ఒక్కసారిగా 1952కు తీసుకెళ్లమంటే ఎలా? కానీ సర్క్యులర్ అంటే సర్క్యులరే. ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన ఉత్తర్వులకూ దీనికీ తేడా లేదు, ఇది వాట్సాప్‌లో వస్తుంది.

సరే, మొదటి సాధారణ ఎన్నికలనే నమూనాగా పెట్టుకున్నాం. 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి దాకా సాగాయి. పదిహేడు కోట్ల మందికి పైగా ఓటర్లు, ఎక్కువమందికి చదువు రాదు. అందుకని అభ్యర్థికొక పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. చీటీ మీద ఏమీ రాయనక్కర్లేదు, నచ్చిన పెట్టెలో వేస్తే చాలు. మేము మూడు సుద్దముక్కల డబ్బాలు తీసుకున్నాం. గుర్తులు గంట, డస్టరు, నీళ్ల క్యాను. పోటీలో పాత లీడరు, మూడో బెంచీ కుర్రాడు, కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి.

ఓటర్ల జాబితా చదువుతూ ఒక ముచ్చట చెప్పాను. ఆ ఎన్నికల్లో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి పోయాయి. ఫలానావాడి భార్యను, ఫలానావాడి కూతుర్ని అన్నారే గానీ సొంత పేరు చెప్పలేదు. చీఫ్ ఎలక్షన్ కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి పేర్లు ఒప్పుకోలేదు. కిటికీ పక్క అమ్మాయి లేచింది. "సార్, మీరు నన్ను రోజూ కిరాణా కొట్టాయన కూతురా అనే పిలుస్తారు" అంది. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను, ఆలస్యంగా. పిల్లల ముందు నవ్వకపోతే టెన్షన్ పడ్డామనుకుంటారు. ఆ రోజు మొదటిసారి హాజరు పట్టీ చూసి తన పేరు సరిగ్గా పలికాను.

ఆ అమ్మాయి ఎన్నికల వాగ్దానం ఒకటే. మాట్లాడిన వాళ్ల పేర్లు రాసేటప్పుడు స్నేహితులనీ, ర్యాంకర్లనీ చూడదట. "ఎవరు మాట్లాడినా రాస్తా. 14వ అధికరణ, చట్టం ముందు అందరూ సమానం" అంది. మంచి క్రమశిక్షణ గల అమ్మాయి అనుకున్నాను. ఇంత ముందుచూపు లేని నాకు సోషల్ చెప్పే అర్హత ఉందా అని ఇప్పుడు అనుమానం.

నలభై రెండు మందిలో ముగ్గురు రాలేదు. గంట గుర్తుకు 23, మూడో బెంచీకి 9, పాత లీడరుకు 7. ఛైర్మన్ గారి అబ్బాయి ముఖం చూడలేకపోయాను. వెంటనే 1935 చట్టం గుర్తొచ్చింది. అందులో 93వ సెక్షన్ అని ఒక దివ్యాస్త్రం ఉంది. రాష్ట్రంలో పాలన సరిగ్గా నడవడం లేదని గవర్నరుకు అనిపిస్తే మొత్తం తనే తీసుకోవచ్చు. 1939లో మనల్ని అడక్కుండా వైస్రాయి లిన్‌లిత్‌గో ఇండియాను యుద్ధంలోకి దింపితే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో గవర్నరు ఆ సెక్షన్ తీసి హాయిగా ఏళ్ల తరబడి పాలించాడు. స్వతంత్రం వచ్చాక మనవాళ్లు ఆ దివ్యాస్త్రాన్ని పారేయలేదు, 356వ అధికరణగా దాచుకున్నారు. అది వాడకుండానే ఉండిపోవాలని అంబేడ్కర్ ఆశపడ్డారు. వందసార్లకు పైగా వాడుకున్నాం. 1954లో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయాక మన ఆంధ్ర రాష్ట్రానికీ ఆ భాగ్యం దక్కింది.

కానీ పాలన ఇంకా మొదలే కాలేదు కాబట్టి సరిగ్గా నడవడం లేదనలేను. మధ్యేమార్గంగా, "ఫలితం ఒప్పుకుంటున్నాం. అధికార బదిలీ వచ్చే జూన్‌లో" అన్నాను. బ్రిటన్ ప్రధాని అట్లీ కూడా 1947 ఫిబ్రవరిలో అలాగే చెప్పాడు, 1948 జూన్ లోపల వెళ్లిపోతామని. వచ్చే జూన్‌కు వీళ్లు పదో తరగతికి పోతారు, నా తలనొప్పి ఇంకొకరిది.

"మౌంట్‌బాటెన్ దాన్ని ఆగస్టు 15కు ముందుకు జరిపాడు కదా సార్. ఇవాళ తారీఖు పన్నెండు" అంది.

"అది పరీక్షకు రాదమ్మా."

"నిరుడు వచ్చింది సార్. రెండు మార్కులు."

మూడో బెంచీ కుర్రాడు ఇదే అదను అనుకున్నాడు. 1948 సెప్టెంబరు 17న లొంగిపోయిన నిజాం గారు 1950 జనవరి 26న హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నరులాంటి అధిపతి, ఎలా అయ్యారని అడిగాడు. రాజు పోయాడు, రాజప్రముఖ్ వచ్చాడు, మనిషి అదే మనిషి. ఇది మాత్రం నిజంగానే పరీక్షకు రాదు. గంట కొట్టారు, నేను బతికాను.

ఆగస్టు 15న జెండా వందనం అయింది. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైతే పిల్లలు గంటసేపు ఎండలో వరసల్లో నిలబడ్డారు. స్వేచ్ఛ విలువ గురించి ఆయన చాలాసేపు మాట్లాడారు. చాక్లెట్లు పంచారు. తరగతిలో డస్టరు, సుద్దముక్కల డబ్బా కొత్త లీడరుకు అప్పగించి సంతకం తీసుకున్నాను. తాళంచెవి ఇవ్వలేదు. ఆ మాత్రం రాజనీతి నాకూ ఉంది.

పదహారో తారీఖున మూడో పీరియడ్. పిల్లలకు మ్యాపు పని ఇచ్చి, గుమ్మం దగ్గర మ్యాథ్స్ సార్‌తో డీఏ బకాయిల గురించి, పీఆర్సీ గురించి ఒక పావుగంట మాట్లాడాను. చాలా ముఖ్యమైన విషయాలు. లోపల ఒక్క గొంతూ వినిపించకపోయేసరికి నా శిక్షణ మీద నాకే ముచ్చటేసింది. వెనక్కి తిరిగి చూస్తే బోర్డు మీద ఒకే ఒక్క పేరు, గుండ్రటి అక్షరాల్లో. సోషల్ సార్. పక్కన రెండు ఇంటూలు.

చెరిపేద్దామని చేయి చాపాను. డస్టరు బదిలీ అంశం.