డ్రోన్ కోసం ఆగారు, బండి కోసం ఆగలేదు

మొన్న ఆదివారం మా పాత కార్ల క్లబ్బు డ్రైవ్ సంగతి రాయకూడదనే అనుకున్నాను. కానీ గ్రూపులో మాటామాటా పెరిగి, నన్ను "నెగెటివ్ మనిషి" అన్నాక ఇంక ఆగడం నా వల్ల కాలేదు. చదివేవాళ్లలో మా క్లబ్బు వాళ్లుంటే కోపం తెచ్చుకోండి, పర్లేదు.

నా దగ్గరున్నది 1986 ప్రీమియర్ పద్మిని, అంటే పాత ఫియట్ కారు. నాన్న కొన్నారు. అప్పటికి మారుతీ 800 వచ్చి మూడేళ్లయింది. వీధిలో అందరూ దాని వెంట పడుతుంటే ఈయన మాత్రం "ఆ రేకుడబ్బాలో ఎవడెక్కుతాడు" అని ఫియట్టే తెచ్చారు. ఆయన చివరిదాకా దాన్ని పద్మిని అని పిలవనే లేదు, ఫియట్టే. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ముందు కూడా ముగ్గురు కూర్చునే సోఫా సీటు. నంబరు ప్లేటు మీద 'ఏ'తో మొదలయ్యే పాత మూడక్షరాలు. తర్వాత ఏపీ 9 వచ్చింది, టీఎస్ వచ్చింది, టీజీ వచ్చింది. దీని నంబరు మాత్రం మారలేదు. నాన్న పోయి ఆరేళ్లయింది. బండి నడుస్తోంది.

బంకుకు వెళ్తే రెండే ప్రశ్నలు. "సార్, సినిమావాళ్లకు అద్దెకిస్తారా?" "ఎంతకిస్తారు?" ఇంట్లో మా ఆవిడది మూడో ప్రశ్న. అది ఇక్కడ రాయను.

సరే, ఆదివారం. పొద్దున్నే అయిదున్నరకి నెక్లెస్ రోడ్డులో కలవాలి, అక్కణ్ణుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా అనంతగిరి గుట్టలకు. ఎనభై కిలోమీటర్లకు అటూఇటూ. ఈ రూటంటే నాకు ప్రాణం. అప్పా జంక్షన్ దాటాక మన్నెగూడ దాకా రోడ్డుకు రెండువైపులా మర్రిచెట్లు, వందల్లో. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే వాటినేం చెయ్యాలని ఏళ్ల తరబడి గొడవ నడిచింది. పాత బండికి ఇంతకంటే మంచి రోడ్డు హైదరాబాద్ చుట్టుపక్కల లేదు. నీడకు నీడ, ఆగాలంటే ఆగే చోటు. ఔటర్ రింగు మీదికి నేను ఎక్కను. నాలుగు చక్రాలకూ పాతకాలం డ్రమ్ బ్రేకులు, తొక్కుడుకు బలమిచ్చే బూస్టర్ లేదు, అందుకే మెల్లగా పోవాలి, వెనక లారీవాడికి ఆ సంగతి తెలీదు.

ఇరవై ఆరు బండ్లు వచ్చాయి. అంబాసిడర్లు, పద్మినులు, రెండు కాంటెస్సాలు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్, ఒక పిల్లాడి మారుతీ 800. ఒకాయన బండి మాత్రం నెక్లెస్ రోడ్డుకు రాలేదు, వికారాబాద్ దాకా లారీ మీద వచ్చింది. దాని రంగుకే ఆరు లక్షలయిందని అంతకుముందు వారం అంతా గ్రూపులో విన్నాం.

మొయినాబాద్ దాటాక డ్రోన్ షూటింగు. మర్రిచెట్ల కింద బండ్లు డ్రోనుకు కనిపించవట. అందుకని చెట్లు లేని చోటు వెతికి మరీ ఎండలో వరసగా నిలబెట్టారు. తర్వాత రెండో గేరులో, బండికీ బండికీ మధ్య సమానమైన ఎడంతో, మెల్లగా పోవాలి. ఒకసారి అయింది. హెరాల్డ్ వరస తప్పిందని రెండోసారి. రెండోసారి మధ్యలోకి పాలవ్యాను వచ్చిందని మూడోసారి. మే నెల, ఏడున్నరకే ఎండ చురుక్కుమంటోంది. పాత ఇంజనును రెండో గేరులో పాకిస్తే ఏమవుతుందో అదే అయింది, వేడెక్కిపోయింది. నా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

చెయ్యి ఊపాను. ముందు బండ్లు వెళ్లిపోయాయి. ఫోనులో మెసేజీ వచ్చింది: "లొకేషన్ పెట్టండి సార్, టిఫిన్ దగ్గర కలుద్దాం." డ్రోనుకు ఇరవై అయిదు నిమిషాలు ఆగినవాళ్లకు నా బండి దగ్గర అయిదు నిమిషాలు లేవు.

ఆగింది ఒక్కడే. ఆ మారుతీ 800 పిల్లాడు. బీటెక్ అయ్యి రెండేళ్లయిందట, వాళ్ల మేనమామ బండి. "అంకుల్, నాకేం తెలీదు. కానీ పట్టుకోమంటే ఏదైనా పట్టుకుంటా" అన్నాడు. ఆ ఒక్క మాటకు వాడికి జీవితకాల సభ్యత్వం ఇవ్వాలి.

ముందు పెట్రోలు పంపు మీదే అనుమానం. ఎండకు పైపులో పెట్రోలు ఆవిరై అడ్డం పడటం ఈ బండ్లకు మామూలే, అందుకే వేసవిలో డిక్కీలో తడితువ్వాలు, నీళ్ల సీసా ఉంటాయి. బండిని తోసుకుంటూ ఓ మర్రిచెట్టు కిందికి తెచ్చి పంపు మీద తడిగుడ్డ కప్పాం. పది నిమిషాలాగి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, వాడిని సెల్ఫు కొట్టమన్నాను. పెట్రోలు బాగానే చిమ్మింది. అయితే జబ్బు అక్కడ కాదు. ప్లగ్గులకు కరెంటు పుట్టించే కాయిల్ వైరు ఊడబెరికి ఇంజనుకు దగ్గరగా పట్టుకుంటే నిప్పురవ్వ వచ్చింది గానీ పసుప్పచ్చగా, నీరసంగా. నీలంగా టక్కుమని కొట్టాలి. కండెన్సర్ పోయింది.

తెలీనివాళ్ల కోసం: ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరుకు తగిలించి ఉండే చిటికెన వేలు కణుపంత డబ్బీ అది. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఇంజను వేడెక్కితే చేతులెత్తేస్తుంది. చల్లబడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు పని చేస్తుంది. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. ఇందులో నా తప్పూ ఉంది. నెలకిందటే లంగర్‌హౌజ్ దగ్గర ఎత్తు ఎక్కుతుంటే బండి ఇలాగే ఒకసారి ఆగి, కాసేపటికి తనే స్టార్టయింది. అప్పుడే మార్చాల్సింది. బద్ధకించాను.

నాన్న డాల్డా డబ్బా ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. ఫ్యూజులు, ప్లగ్గులు, ఒక ఫ్యాన్ బెల్టు, పేపర్లో చుట్టిన రెండు కండెన్సర్లు. పాత సరుకు. ఇప్పుడు దొరికే కొత్తవి అట్టపెట్టె మెరుస్తుంది గానీ నెల తిరక్కుండానే పోతాయి. డిస్ట్రిబ్యూటర్ మూతకున్న రెండు క్లిప్పులూ తీసి లోపలి స్క్రూ విప్పుతుంటే ఆ పిల్లాడు కింద రెండు అరచేతులూ దోసిలి పట్టి నిలబడ్డాడు, తీర్థం తీసుకునేవాడిలా. ఆ స్క్రూ వడ్లగింజంత ఉంటుంది, జారి లోపల పడిందంటే డిస్ట్రిబ్యూటరే ఊడదియ్యాలి. లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు కూడా నల్లగా కాలి ఉన్నాయి. ఎమరీ కాగితం ముక్కతో రుద్ది, మధ్య సందు హాక్సా బ్లేడు ముక్కతో చూసుకుని బిగించాను. పుస్తకంలో దాదాపు 0.45 మిల్లీమీటర్లని ఉంటుంది, నాన్నకు మాత్రం బ్లేడు "పట్టీ పట్టనట్టు" ఆడాలి. ఆడింది. సెల్ఫు కొడితే అరతిప్పుకు అందుకుంది. వాడు గట్టిగా ఈల వేశాడు.

మేం అనంతగిరి చేరేసరికి ఇడ్లీలు అయిపోయాయి, గ్రూపు ఫోటో అయిపోయింది. సాయంత్రానికి రీలు వచ్చింది: "26 పాత అందాలు, ఒకే కుటుంబం." ఆపి ఆపి లెక్కపెట్టాను. ఇరవై నాలుగున్నాయి.

ఇదే మాట గ్రూపులో పెడితే "చిన్న విషయం" అన్నారు. నాకది చిన్న విషయం కాదు. పాత బండ్ల డ్రైవ్ అంటే చివరి బండి వేగమే అందరి వేగం. నాకు తెలిసిన పాత పద్ధతి ఒకటే. ఎవరి వెనక బండికి వాళ్లే పూచీ. మలుపు తిరిగే ముందు అద్దంలో వెనకవాడు కనపడాలి, కనపడకపోతే అక్కడే ఆగాలి. నువ్వాగితే నీ ముందువాడు తన అద్దంలో నువ్వు కనపడక ఆగుతాడు, అలా వరసంతా ఆగుతుంది. ఫోన్లు లేని రోజుల్లో పెళ్లికి రెండు కార్లలో బయల్దేరినవాళ్లు కూడా ఇలాగే వెళ్లేవాళ్లు. అందరికంటే వెనక పనిముట్లతో, పని తెలిసిన మనిషితో ఒక బండి రావాలి. మొన్న మా చివరి బండి డ్రోన్ కుర్రాళ్లది. అది కూడా ముందుకెళ్లిపోయింది.

క్లబ్బు వల్ల నాకు ఒరిగిందేమీ లేదనను. అబద్ధమవుతుంది. బొంబాయి నలుపు పసుపు ట్యాక్సీలున్నన్నాళ్లు పద్మిని సామానుకు లోటుండేది కాదు. 2023 అక్టోబరులో ఆఖరి పద్మిని ట్యాక్సీ అక్కడ రోడ్డు దిగింది, ఇప్పుడు ఒక్కో ముక్క కోసం ఊళ్లు తిరగాలి. నా గేరు రాడ్డు బుష్షులు అరిగి మూడో గేరు వెయ్యబోతే మొదటిది పడే రోజుల్లో, క్లబ్బులో ఒకాయన నా పాత బుష్షు తీసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లి లేతు మీద కొత్తవి తీయించి తెచ్చారు. పైసా తీసుకోలేదు. ఆ క్లబ్బు ఇదే. అందుకే నాకింత మంట.

నన్నడిగితే, సభ్యత్వానికి ముందు ఒక చిన్న పరీక్ష పెట్టాలి. బానెట్ ఎత్తి పెట్రోలు ఎటునుంచి ఎటు పోతుందో వేలితో చూపించు, చాలు. ఆరు లక్షల రంగు కింద బ్రేకు గొట్టాలు ఎన్నేళ్లవో తెలియని ఓనర్లున్నారు. పోయినసారి ఒకాయన బండి టైరు పక్కన అంకెలు చూపించాను: 1114. అంటే 2014లో పదకొండో వారం. గుండీలు నిండుగా ఉన్నాయి కదా అంటాడు. ఉంటాయి, నడిపితే కదా అరగడానికి. రబ్బరు రాయైపోయింది. దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని గుట్ట దిగుతాడు.

పెట్రోలు సంగతి ఇంకో తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపింది. 1986లో ఈ బండికి వేసిన రబ్బరు దానికోసం చేసింది కాదు. పైపులు, పంపులో డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు అన్నీ మార్చాను. ఇథనాల్ గాల్లో తేమను కూడా లాక్కుంటుంది, బండిని రెండు నెలలు కవరు కప్పి ఉంచితే ట్యాంకులో తుప్పు, కార్బురేటర్ సన్నని రంధ్రాల్లో జిగురు. కాబట్టి వారానికోసారి ఇరవై కిలోమీటర్లయినా తిప్పండి, కూరగాయలకైనా సరే. కవరు కింద పడుకున్న బండే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

ప్రభుత్వం లెక్క మరీ విచిత్రం. వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు నిండాలి. నా బండికి 40. అంటే మ్యూజియానికి కుర్రది, ఆర్టీవోకు ముసలిది. 2021లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు 600 రూపాయలు కట్టాను. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరగని బండికి! కడతాను, వేరే దారి లేదు. పాత బండ్ల వాళ్లంతా కలిసి ఒక వినతిపత్రం ఇద్దామని గ్రూపులో రెండుసార్లు అడిగాను. రెండు బొటనవేళ్లు వచ్చాయి. అదే రోజు రీలుకు మూడొందల గుండెలు.

ఇంకొక్కటి. అనంతగిరిలో తీసిన ఆ ఫోటోలో ఒక్క మెకానిక్ లేడు. మా బండి చూసే భాయ్‌కి డెబ్భై దాటాయి. నాన్న హయాం నుంచీ ఆయనే. సోలెక్స్ కార్బురేటర్ శబ్దం విని "బేటా, ఎయిర్ జాస్తీ లాగుతుంది" అని చెవితోనే చెప్తాడు, స్క్రూడ్రైవర్ తర్వాత. ఆయన కొడుకు ఫోన్ల షాపు పెట్టుకున్నాడు, తప్పేం లేదు. భాయ్ తర్వాత ఆ పని తెలిసినవాడు మా ఏరియాలో లేడు. డ్రైవుకు ఆయన్ని కూడా పిలుద్దాం, టిఫిన్ డబ్బులు నేను కడతానంటే "మెంబర్స్ ఓన్లీ సార్" అన్నారు.

వచ్చే ఆదివారం నేను మళ్లీ అదే రోడ్డు మీద వెళ్తున్నాను. నేను, నా పక్కన భాయ్, వెనక ఆ మారుతీ 800 పిల్లాడు. వాడు ఈ వారమే డాల్డా డబ్బా ఒకటి సంపాదించాడట, ఫోటో పంపాడు, ఖాళీదే. ఆరింటికి లంగర్‌హౌజ్ దగ్గర. ఎవరైనా రావచ్చు, ఏ బండైనా పర్లేదు, మధ్యలో ఆగిపోయేదైనా. డ్రోన్ తేవద్దు. ఇడ్లీలు చేవెళ్లలో, అందరూ వచ్చాకే.

అన్నట్టు, పద్మిని ఎడమవైపు చిన్న తిప్పుడు అద్దం రబ్బరు బీడింగు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. వాన పడితే మా ఆవిడ ఒళ్లోకే కారుతోంది.