సర్టిఫికెట్‌లో కనపడని సరుకు

మెదడువాపు అనగానే మనకు దోమలు, పందులు, వానాకాలం గుర్తొస్తాయి. అది పల్లెటూరి పిల్లలకొచ్చే జబ్బు, దాని మీద రీళ్లు రావు. ఇప్పుడొచ్చింది నాగరికమైన మెదడువాపు. జ్వరం ఉండదు, మంచం పట్టక్కర్లేదు. నాలుగు రీళ్లు చూస్తే తనకు 'బ్రెయిన్ ఇన్‌ఫ్లమేషన్' ఉన్నట్టు ఎవరికి వారికే తెలిసిపోతుంది. మందు ఆ రీలు కిందున్న లింకులోనే ఉంటుంది: థైమస్ పెప్టైడ్, అంటే థైమస్ పేరు చెప్పి అమ్మే చిన్న ప్రొటీన్ ముక్క, సూదిమందు.

థైమస్ అంటే రొమ్ము ఎముక వెనకుండే గ్రంథి. చిన్నతనంలో రోగాలతో పోరాడే టీ-కణాలకు చదువు చెప్పి, వయసు పెరిగేకొద్దీ కొవ్వుగా మారిపోతుంది. రిటైరైన ఉద్యోగి సంతకానికి ఇంత గిరాకీ మరే శాఖలోనూ చూడం.

శాస్త్రం లేదంటే కళ్లు పోతాయి. ఉంది, ఎలుకల్లో. థైమోసిన్ బీటా-4 అనేది 43 అమైనో ఆమ్లాల గొలుసు. (పేరులో థైమస్ ఉన్నా ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది, ఇంటిపేరు చూసి మోసపోకండి.) ఇది మైక్రో ఆర్‌ఎన్‌ఏ-146ఏ అనే, జన్యువుల జోరు తగ్గించే చిట్టి ఆర్‌ఎన్‌ఏను పెంచుతుంది. అది ఐరాక్-1, ట్రాఫ్-6 అనే ఇద్దరు ప్రొటీన్ గుమాస్తాల నోరు నొక్కుతుంది. వాళ్లు ఫైలు కదపకపోతే వాళ్ల పైఅధికారి ప్రొటీన్ ఎన్‌ఎఫ్-కప్పా-బికి ఆర్డరు అందదు, మంట (అదే, ఇన్‌ఫ్లమేషన్) రేపే సైటోకైన్లనే కబురు ప్రొటీన్ల తయారీ తగ్గుతుంది. తలకు దెబ్బ తగిలిన ఎలుకలకు మర్నాడు కిలోకు 6 మిల్లీగ్రాములు ఎక్కిస్తే గుణం కనిపించింది.

ఇక లెక్క. ఎలుక మోతాదును మనిషికి మార్చాలంటే 6.2తో భాగిస్తారు. 70 కిలోల మనిషికి ఒక పూటకు 68 మిల్లీగ్రాములు తేలుతుంది. లింకులో దొరికే సీసా 5 మిల్లీగ్రాములది. అంటే పూటకు 14 సీసాలు. భక్తులు ఒక్క సీసాతో వారం నెట్టుకొస్తారు. తీర్థం కదా, ఉద్ధరిణెడు చాలు.

థైములిన్ అనే మరో థైమస్ పెప్టైడ్ గురించి అడక్కండి. తొమ్మిది అమైనో ఆమ్లాలు, పక్కన ఒక జింక్ అయాను. జింక్ జారిపోతే ఆ తొమ్మిదీ ఉత్త ఊరేగింపే. వీటన్నిటిలో ఫార్మసీ గడప సక్రమంగా తొక్కింది థైమోసిన్ ఆల్ఫా-1: 1.6 మిల్లీగ్రాములు, వారానికి రెండుసార్లు, చర్మం కింద. అదీ కొన్ని దేశాల్లో, ముఖ్యంగా హెపటైటిస్-బికి. అంటే లివరు కోసం.

అసలు విశేషం సీసాతో వచ్చే సర్టిఫికెట్. 'హెచ్‌పీఎల్‌సీ శుద్ధత 99 శాతం' అని ముత్యాల్లాంటి అక్షరాలు. (హెచ్‌పీఎల్‌సీ అంటే సరుకులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం.) అందులో కనపడని సరుకు ఒకటుంది. ల్యాబుల్లో ఎలుక మెదడులో మంట పుట్టించాలంటే ఏమిస్తారు? ఎల్‌పీఎస్, అంటే ఇ.కోలై లాంటి బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్. పొట్టలోకి సూది వేసినా చాలు. కణాల మీదుండే టీఎల్‌ఆర్-4 అనే తలుపు తట్టి, ఆ కబురు మెదడు దాకా వెళ్లి, అక్కడి కాపలా కణాలైన మైక్రోగ్లియా లేచి కూర్చుంటుంది. శుభ్రత లేని చోట తయారైన సీసాలో ఇదే సరుకు చేరుతుంది. నీళ్లు మరిగించినా చావదు, 0.22 మైక్రాన్ ఫిల్టరులోంచి దర్జాగా దాటిపోతుంది. గాజుసీసా మీదనుంచి వదిలించాలంటే 250 డిగ్రీల పొడివేడిలో అరగంట పెట్టాలి. పెప్టైడ్‌తో సహా పెడితే మిగిలేది మసి.

మరి సర్టిఫికెట్‌లో? ఆ యంత్రం 220 నానోమీటర్ల కాంతిలో పెప్టైడ్ బంధాలను చూస్తుంది. ఎల్‌పీఎస్ దాని కంటికి ఆనదు. కాబట్టి అది 99లోనూ లేదు, మిగిలిన ఒకటిలోనూ లేదు. అచ్చం నల్లధనం. పట్టుకోవాలంటే గుర్రపునాడా పీత రక్తంతో చేసే ఎల్‌ఏఎల్ పరీక్ష ఉంది. ఒంటి బరువు కిలోకు గంటకు 5 ఎండోటాక్సిన్ యూనిట్లు దాటకూడదని హద్దూ ఉంది. ఆ కాగితం అడిగిన వాణ్ణి భక్తుల గ్రూపులోంచి తీసేస్తారు.

ఈలోగా పక్కింటి తాతగారు పొద్దున్నే రామిప్రిల్ బిళ్ల మింగుతుంటారు. బీటా-4 కొసనుంచి తెగిపడే నాలుగు అమైనో ఆమ్లాల ముక్క ఒకటుంది, మంటను తగ్గించే రకమే. దాన్ని ఒంట్లో విరగ్గొట్టేది ఏసీఈ ఎంజైము. ఆ బిళ్ల ఏసీఈని ఆపుతుంది గనక ఆయన రక్తంలో ఆ ముక్క పెరుగుతుంది. ఆయనకు తెలీదు. బీపీకి వేసుకుంటున్నానంటాడు, పాపం.

భక్తుడికి మాత్రం సూది వేసుకున్న గంటా రెండు గంటల్లో వణుకు, కాసేపటికి జ్వరం, ఒళ్లునొప్పులు. గ్రూపులో పెడతాడు. అడ్మిన్ నుంచి వెంటనే జవాబు: "హీలింగ్ మొదలైంది బ్రదర్, డోసు పెంచండి."