దాక్కున్నోడు గంట కొడతాడా?

కాజీపేటలో మా బామ్మర్ది ఇంట్లో హోం థియేటర్ పెట్టించాడు. ఐదు స్పీకర్లు, వడ్ల బస్తా అంత వూఫర్. మొదటి ఆటకు నన్ను పిలిచి, "బావా, సబ్‌మెరైన్ సినిమా పెడుతున్న. గా టింగ్ సౌండుకు గుండె జారిపోతది సూడు" అన్నాడు. సినిమా పేరు చెప్పను. చెప్పనక్కర్లేదు కూడా, అవన్నీ ఒక్కటే.

గుండె ఉన్నచోటే ఉంది. జారింది నా ఓపిక.

టింగ్. పైన శత్రువు ఓడ తిరుగుతోంది, కింద మన హీరో సబ్‌మెరైన్ ఊపిరి బిగబట్టి దాక్కుంది. టింగ్. ఆ చప్పుడు పై ఓడ నుంచి వస్తే నాకే పేచీ లేదు. వెతికేవాడు శబ్దాన్ని నీళ్లలోకి వదులుతాడు, అది ఇనుముకు తగిలి తిరిగొస్తే "ఇక్కడున్నాడు" అనుకుంటాడు. పద్ధతే. కానీ ఈ సినిమాలో టింగ్‌మనేది దాక్కున్నవాడి మెషీను! దాక్కున్న సబ్‌మెరైన్ చేసే పని చెవులొగ్గి వినడం. నీళ్లలోకి మైకు లాంటిది పెట్టి, పైనున్న ఓడ పంకా చప్పుడును బట్టి ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో పోల్చుకుంటారు. తానై ఒక్క టింగ్ వదిలాడంటే చిరునామా రాసి పంపినట్టే. హన్మకొండలో ఇంటివాళ్లు లేచిన అలికిడికి అటకెక్కిన దొంగ, పూజగదిలోంచి తెచ్చిన గంటను నిమిషానికోసారి వాయించుకుంటూ "దేవుడా, నన్ను వీళ్ల కంట పడనీయకు" అని మొక్కుకుంటాడా?

సరే, గంటను క్షమించాననుకోండి. పైన శత్రువున్నాడు కదా, మన కెప్టెన్ ఏం చేశాడు? ఉపన్యాసమిచ్చాడు. గొంతు చించుకుని. దేశం, అమ్మ, ఊళ్లో పాలిస్తున్న ఆవు, అన్నీ వచ్చాయి. నలభై మంది జవాన్లు ఇనుప నేల మీద బూట్లు తన్ని జేజేలు కొట్టారు. వంటవాడు గరిటెతో గిన్నె మోగించాడు. ఒకడు జేబులోంచి భార్య ఫొటో తీశాడు, వెనక వయొలిన్లు మొదలయ్యాయి. వయొలిన్లు వాయించేవాళ్లను ఏ అరలో కూర్చోబెట్టారో దర్శకుడు చూపించలేదు. చూపించినా ఇబ్బంది లేదు, ఆ సబ్‌మెరైన్ లోపల మా వరంగల్ ఫంక్షన్ హాలంత జాగా ఉంది. కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు పచార్లు చేస్తున్నాడు. మంచినీళ్లకే కరువుండే చోట ఆయన చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. ఇంత జరుగుతుంటే పైనున్న శత్రువు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, "ఏమీ వినబడటం లేదు సార్" అంటాడు. పాపం, ఆ దేశంలో చెవి డాక్టర్లు లేరు.

మా మామ అప్పటిదాకా మాట్లాడలేదు. ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ లోకో షెడ్డులో చేసి రిటైరైన మనిషి. తెర మీదకు ఇంజన్ రూం రాగానే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అల్లుడూ, ఇంజన్ నడుస్తుంటే గంత నిమ్మలంగ ముచ్చటెట్ల పెడుతుండ్రు? మేమైతే షెడ్డుల చేతులతోనే మాట్లాడుకునేది. ఒక్కని మీద మసి మరక లేదు. అదిడిసిపెట్టు, నీళ్లల్ల మునిగినంక డీజిల్ ఇంజన్ నడుపుతుండ్రు. దానికి గాలెవడు పంపుతుండు, వీళ్లయ్యనా?"

కోట్లు పోసి తీసినవాళ్లకు తట్టని ప్రశ్న ఇది. సినిమాలో చూపించే రెండో ప్రపంచ యుద్ధంలో డీజిల్ ఇంజన్లు నీటి పైన తేలినప్పటికే. మునిగాక బ్యాటరీ, కరెంటు మోటారు, అంతే. గాలి పీల్చే గొట్టం యుద్ధం చివరి ఏళ్లలో గానీ జర్మన్లకు అందుబాటులోకి రాలేదు, అదీ నీటి మట్టానికి కాస్త కింద ఉన్నప్పుడే పనికొచ్చేది. వాళ్లు వందల సంఖ్యలో కట్టిన సెవెన్-సీ రకం బోటు మునిగి ఎంత ఉరికినా గంటకు 14 కిలోమీటర్లు. అదీ కాసేపే, తర్వాత బ్యాటరీ చేతులెత్తేస్తుంది. మన హీరోదేమో హంటర్ రోడ్డు మీద పల్సరెక్కిన పోరడిలా నీళ్ల కింద కట్లు కొడుతోంది.

ఇట్లనే తీయాలని రూలేమీ లేదు. 1958లో అమెరికావాళ్లు తీసిన 'రన్ సైలెంట్, రన్ డీప్' సినిమాకు మూల నవల రాసిన ఎడ్వర్డ్ బీచ్ స్వయంగా సబ్‌మెరైన్ అధికారి. అందులో కెప్టెన్ వేషం కట్టిన క్లార్క్ గేబుల్ తన మనుషులతో మునగడం, గురిపెట్టడం పదేపదే చేయిస్తాడు, వాళ్లకు విసుగొచ్చేదాకా. ఆ విసుగే కథ. ఇక 1981లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీసిన జర్మన్ సబ్‌మెరైన్ సినిమా 'దస్ బూట్' ఉంది. లోపలి సెట్టును అసలు కొలతలకు కట్టి, ఊగే యంత్రం మీద పెట్టారు. కెమెరామన్ యోస్ట్ వకానో చిన్న కెమెరా చేత్తో పట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని ఆ గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికాడు. నటులను ఎండకు పోనీయలేదు, మొహాలు పాలిపోవాలని. గడ్డాలు పెరిగే వరుసలోనే సీన్లు తీశారు. అక్కడ రెండు లెట్రిన్లుంటే ఒకదాంట్లో తిండి నింపుతారు, అది ఖాళీ అయ్యేదాకా యాభై మందికి ఒక్కటే. మేడారం జాతరకు పోయే రోజుల్లో జనరల్ బోగీ ఎక్కినవాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంత చేసినా మూల నవల రాసిన బుఖ్‌హైమ్‌కు నచ్చలేదు. 1941లో యుద్ధ విలేకరిగా అలాంటి బోటెక్కి తిరిగినాయన. నటుల అరుపులు ఎక్కువయ్యాయని మండిపడ్డాడు. దేవుడు చల్లగా చూశాడు, ఆయన మా బామ్మర్ది సినిమా చూడకుండానే పోయాడు.

మనవాళ్లకు జర్మనీ దాకా పోయే పని కూడా లేదు. విశాఖ బీచ్‌లో 91 మీటర్ల కుర్సుర సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చుని ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడ. టికెట్ కొని లోపల నడిస్తే, గుండ్రటి తలుపుకు తల తగిలి బొప్పి కట్టాక, ఏ దర్శకుడూ లోపల కెప్టెన్‌తో పచార్లు చేయించడు. 2017లో సంకల్ప్ రెడ్డి 'ఘాజీ' అనే సబ్‌మెరైన్ సినిమా తీస్తే ఆడిపాడే డ్యూయెట్ లేకుండానే జనం చూశారు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. కథలో కల్పన పాలు ఎక్కువే, కాదనను. కానీ గొట్టంలో ఉన్నామన్న ఉక్కపోత ఉంది.

ఇదంతా విని మా బామ్మర్ది, "సినిమానే కదా బావా" అన్నాడు. ఈ మాట దగ్గరే నాకు నవ్వు పోతుంది.

2000లో 'యూ-571' అని ఒకటొచ్చింది. జర్మన్ల ఎనిగ్మా సంకేత యంత్రాన్ని అమెరికన్లు సబ్‌మెరైన్‌లోకి దూకి ఎత్తుకొచ్చారని కథ. అసలు యూ-110 అనే జర్మన్ సబ్‌మెరైన్‌లోకి దిగి దాన్ని తెచ్చింది 1941 మే నెలలో, బ్రిటిష్ బుల్‌డాగ్ ఓడవాళ్లు. అప్పటికి అమెరికా యుద్ధంలోనే లేదు. 1942 అక్టోబరు 30న మధ్యధరాలో యూ-559 అనే ఇంకో జర్మన్ సబ్‌మెరైన్ మునిగిపోతుంటే బ్రిటిష్ పెటార్డ్ ఓడ నుంచి టోనీ ఫాసన్, కాలిన్ గ్రేజియర్ అందులోకి దిగి సంకేత పుస్తకాలు పైకందించారు. అందుకున్నవాడు టామీ బ్రౌన్, ఓడ క్యాంటీన్‌లో పనిచేసే పదహారేళ్ల పిల్లగాడు. వాడొక్కడు బయటపడ్డాడు. లోపలున్న ఇద్దరూ బోటుతో పాటే పోయారు. ఆ పుస్తకాలు ఎన్ని ఓడలను బతికించాయో! సినిమా వాళ్లకు మిగిల్చింది చివరి టైటిల్స్‌లో రెండు లైన్లు, జనం చెప్పులు వెతుక్కునే టైములో.

గోదావరిఖనిలో బొగ్గుబాయి కప్పు కూలితే, తోటివాణ్ని గుంజి పైకి తోసి తాను లోపలే ఉండిపోయినోడి కథ తీసి, హీరో మా ఊరోడే అని ఇంకెవడో చెప్పుకుంటే ఊరుకుంటామా? అప్పుడు సినిమానే కదా అంటామా? అబద్ధపు టింగ్‌కు నవ్వుకోవచ్చు. చచ్చినోడి పనిని దొంగిలించి దాని మీద టికెట్లమ్ముకోవడం సిగ్గుమాలినతనం. బ్రిటన్ పార్లమెంటులో ఆ సినిమా మీద ప్రశ్న వస్తే, అది ఆ నావికులకు అవమానమేనని ప్రధాని టోనీ బ్లెయిర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఏమైంది? ఏమీ కాలేదు. సినిమా ఆడింది.

బామ్మర్ది చప్పుడు చేయకుండా రిమోట్ నా చేతికిచ్చాడు. 'దస్ బూట్' పెట్టాను. మామకు జర్మన్ రాదు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవలేడు. అడగలేదు కూడా. పైన ఓడ పంకా చప్పుడు దగ్గరకొచ్చింది. లోపల అందరూ తలలెత్తి చూస్తున్నారు, ఎవడూ కదలడం లేదు, చెమట కారుతోంది. మామ కూడా తలెత్తి మా సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నాడు.

అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది.

మామ ఉలిక్కిపడి, గుసగుసగానే కసిరాడు. "బంద్ చెయ్యే దాన్ని! వాడు మీదనే ఉన్నడు."